గాలి చేయు బదిలీలు: ఓజోను జమాఖర్చు
(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను కాను. శాస్త్రజ్ఞుడను అసలే కాను. మా తాతగారు ఈ గ్రామమున కరణీకము చేసిరి. 1984లో కరణీకములు రద్దయినవి. నేను పంచాయతీ లెక్కలును, సహకార సంఘపు లెక్కలును వ్రాయుచు జీవించుచున్నాను. పాఠశాల విడిచిన పిదప నేను చదివినదంతయు ఈ గ్రంథాలయపు బీరువాల చలువయే. భారత భాగవతములను ఇచ్చటనే చదివితిని. కాళిదాసును టీకాతాత్పర్యముల సాయమున ఇచ్చటనే కూడబలుకుకొంటిని. అందుచేత కార్యదర్శిగారు ఏదైన పురాణ ఘట్టమును గూర్చి మాటలాడుమని నన్ను కోరిరి. ఓజోను పొరను గూర్చి మాటలాడెదనని నేనంటిని. వారాశ్చర్యపడిరి. కారణము చెప్పెదను. నేనీ గ్రంథాలయమునకు ఒక తప్పుడు లెక్క బాకీ పడియున్నాను.

2020 వేసవిలో, కరోనా నిర్బంధము కొంత సడలిన దినములలో, ఈ వసారాలో దూరదూరముగా కూర్చున్న మీకు నేనొక వార్త చదివి వినిపించితిని. ఉత్తర ధ్రువముపై ఓజోను పొరలో ఏర్పడిన పెద్ద రంధ్రము ఏప్రిల్ మాసాంతమున మూసికొనిపోయినదని ఆ వార్త. అంతటితో ఊరకుండక, “చూచితిరా! బండ్లును కర్మాగారములును నెల దినములు నిలిచినంతనే ఆకాశమునకు గాయము మానినది” అని నా సొంత వ్యాఖ్యానము కూడ చేర్చితిని. మీరందరు సంతోషించిరి. బడిపిల్లవాడొకడు ఆ మాటను తన నోటు పుస్తకములో వ్రాసికొనెను.

తరువాత చదువగా తెలిసినదేమనగా, వార్త నిజము, నా వ్యాఖ్యానము అబద్ధము. ఆ రంధ్రము మూసికొన్నది బండ్లు నిలిచినందున కాదు, గాలి మారినందున. ఆ పిల్లవాడు నేడు కళాశాలలో చదువుచు ఈ సభలోనే కూర్చుండియున్నాడు. అతని పుస్తకములోని ఆ పంక్తిని కొట్టివేయించుటయే నా ప్రసంగ ప్రయోజనము.

మనము పీల్చు ప్రాణవాయువులో అణువునకు రెండు పరమాణువులుండును. మూడు పరమాణువులు కూడినచో అది ఓజోను. 1840లో షోన్‌బైన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు దీనికి ఆ పేరు పెట్టెను. ఆకాశమున దీని పొర యొకటి కలదని 1913లో ఫాబ్రీ, బ్యూసాన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు కొలిచి నిరూపించిరి. ఓజోనులో నూటికి తొంబది పాళ్లు మేఘములకు పైనున్న స్ట్రాటో ఆవరణములో కలదు. సూర్యుని అతినీలలోహిత కిరణములలో హానికరములైన వానిని అది మ్రింగివేయును. అది లేనిచో మన చర్మమునకును, కండ్లకును, పైరులకును చేటు.

ఇంతటి పని చేయు ఓజోను ఎంత ఉన్నది? మన నెత్తిపైనున్న ఓజోనునంతను నేలకు దించి, నేలమీది ఒత్తిడిలో, సున్న డిగ్రీల చలిలో పరచినచో, దాని మందము ఇంచుమించు 3 మిల్లీమీటర్లు మాత్రమే. రెండు రూపాయి నాణెములను ఒకదానిపై నొకటి పెట్టినంత. మిల్లీమీటరులో నూరవ వంతును ఒక డాబ్సన్ యూనిట్ అందురు. కావున 3 మిల్లీమీటర్లనగా 300 యూనిట్లు. ఇది ఈ లెక్కలో నాణెము వంటిది. దీనిని గుర్తుంచుకొనుడు.

ఇక జమ ఎట్లు వచ్చును? 1930లో చాప్మన్ అను ఆంగ్లేయుడు దానిని వివరించెను. తీక్ష్ణమైన అతినీలలోహిత కిరణము ప్రాణవాయువు అణువును చీల్చును. చీలిన పరమాణువు వేరొక అణువుతో కూడి ఓజోను అగును. అనగా ఎండయే దీని పెట్టుబడి. అట్లయినచో ఎండ మెండుగా కాయు మన ఉష్ణమండలములో ఓజోను ఎక్కువగాను, ధ్రువములవద్ద తక్కువగాను ఉండవలెను గదా?

కొలిచి చూడగా లెక్క తలక్రిందులైనది. ఆక్స్‌ఫర్డులో డాబ్సన్ అను ఆచార్యుడు 1920 తరువాత ఓజోనును కొలుచు యంత్రమును నిర్మించి, అట్టివానిని దేశదేశములకు పంపెను. వానిలో ఒకటి మన దక్షిణదేశమున కొడైకెనాల్ కొండమీది వేధశాలకు వచ్చినది. అచ్చటి లెక్క తక్కువగాను, ఏడాది పొడవున పెద్ద మార్పు లేకయు ఉండెను. ఉష్ణమండలమున సాధారణముగా 250 మొదలు 280 యూనిట్లు. ఉత్తరమున, ధ్రువమునకు చేరువయైన దేశములలో శీతకాలమంతయు పెరుగుచు పోయి వసంతమున 400 దాటును. సూర్యుడు ముఖము చూపని మాసములలో ఓజోను పెరుగుట యెట్లు?

శాస్త్రజ్ఞులకు ఇది చిక్కు ప్రశ్న అయినను, చిట్టా ఆవర్జాలు వ్రాయువానికి దీని జాడ తెలియును. పంట పండినది ఒక యూర. ధాన్యము నిల్వయున్నది వేరొక యూరి గిడ్డంగిలో. నడుమ బండి నడచియుండవలెను.

ఆ బండి గాలియే. దాని దారిని కనుగొనుటకు తోడ్పడినది ఓజోను కాదు, నీటి ఆవిరి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఇంగ్లండు మీద మిక్కిలి ఎత్తునకు విమానములు పంపి కొలువగా, స్ట్రాటో ఆవరణపు గాలి ఎంతో పొడిగానున్నట్లు తేలినది. అంతగా ఆరిపోవలెనన్న ఆ గాలి ఎక్కడనో మహాశీతలమైన వాకిలి గుండ పోయి, తన తడిని మంచుగా అచ్చట వదలియుండవలెను. అట్టి వాకిలి భూమధ్యరేఖకు ఇరువైపుల, 16, 17 కిలోమీటర్ల ఎత్తున కలదు. అచ్చట చలి సున్నకు దిగువ 80 డిగ్రీలు. కావున గాలి ఉష్ణమండలమున పైకెక్కి, ధ్రువముల దిక్కునకు సాగి, అచ్చట దిగుచున్నదని బ్రూవర్ 1949లో వ్రాసెను. 1956లో డాబ్సన్ ఓజోను లెక్కలతో దానిని బలపరచెను. నేడు దీనిని బ్రూవర్–డాబ్సన్ ప్రసరణము అని వారిరువురి పేర పిలుచుచున్నారు.

ఈ బండి నడక మిక్కిలి మెల్లన. ఉష్ణమండలమున గాలి దినమునకు 20, 30 మీటర్లు, అనగా ఒక పెద్ద తాటిచెట్టు ఎత్తు మాత్రమే, పైకి పోవును. పది కిలోమీటర్లెక్కుటకు ఒక సంవత్సరము పట్టును. ఎక్కుచున్నంతసేపు ఎండ తగిలి అందులో ఓజోను పెరుగును. 30, 35 కిలోమీటర్లకు పైన ఓజోను త్వరగా పుట్టి త్వరగా నశించును. అచ్చట ఎండ మాటయే చెల్లును. 25 కిలోమీటర్లకు దిగువనో, అది నెలల తరబడి, ఒక్కొక్కచోట సంవత్సరముల తరబడి చెడక నిలుచును. చెడని సరకును గాలి ఎచ్చటికి మోసికొనిపోయిన అచ్చట నిల్వ పెరుగును. అందుచేతనే, పుట్టినది మన నెత్తిన అయినను, కుప్పపడునది ధ్రువములకడ.

బండిని త్రోయునదెవరు? కొండలు! పడమటి గాలి హిమాలయములవంటి మహాపర్వతములకు కొట్టుకొన్నప్పుడును, చల్లని నేలకును వెచ్చని సముద్రమునకును నడుమ పొర్లునప్పుడును, వేల కిలోమీటర్ల పొడవుగల అలలు వాయుమండలమున లేచును. శీతకాలమున ఆ యలలు పైకెగబ్రాకి, స్ట్రాటో ఆవరణములో విరిగి, అచ్చటి గాలి వేగమును తగ్గించి, ధ్రువము దిక్కునకు త్రోయును. వేసవిలో పై గాలులు ఎదురు తిరుగుటచే అలలు పైకి పోలేవు. ఉత్తరార్ధగోళమున కొండలును ఖండములును ఎక్కువ, కనుక అచ్చట త్రోపు ఎక్కువ. దక్షిణమున సముద్రమే ఎక్కువ, త్రోపు తక్కువ. ఏయేట అలలు బలముగా లేచిన, ఆ యేట ధ్రువమునకు చేరు సరకు హెచ్చు. అలలు మందగించిన యేట తక్కువ.

మన పూర్వులు వాయువునకు ఆవహము, ప్రవహము మొదలుగా ఏడు స్కంధములు చెప్పిరి. శాకుంతల సప్తమాంకమున దుష్యంతుడు ఇంద్రుని రథముపై దిగివచ్చుచుండగా, తాము పరివహమను వాయుమార్గమున నున్నామని మాతలి అతనికి తెలుపును. దీనినిబట్టి మన ఋషులకు ఓజోను తెలియునని నేననజాలను. ఒక తప్పు దిద్దుకొనుటకు వచ్చి మరియొక తప్పు చేయుదునా? ఆకాశమున గాలి ఒక్కటి కాదు, అంతస్తునకొక నడక కలదు అను ఊహ మనకు క్రొత్తది కాదని మాత్రమే చెప్పుచున్నాను.

ఆ నడకలలో విచిత్రమైనది భూమధ్యరేఖపై కలదు. అచ్చట స్ట్రాటో ఆవరణపు గాలి కొంతకాలము తూర్పు నుండియు, కొంతకాలము పడమటి నుండియు వీచును. ఒక ఆవృత్తి పూర్తియగుటకు ఇంచుమించు 28 నెలలు. ఏ ఋతువుతోను దీనికి పొత్తు లేదు. 1961లో రీడ్, ఎబ్డన్ అనువారు వేరువేరుగా దీనిని లోకమునకు తెలిపిరి. దీనిని బట్టి ఉష్ణమండలపు ఓజోను కూడ హెచ్చుతగ్గులగుచుండును. ఈ విషయమున మనవాడొకనిని స్మరింపవలెను. సర్ సి. వి. రామన్ శిష్యుడును, అహమ్మదాబాదులోని భౌతిక పరిశోధనాలయమునకు తొలి సంచాలకుడును అయిన కె. ఆర్. రామనాథన్‌గారు ఉష్ణమండలపు ఓజోనులో ఈ రెండేండ్ల పోకడను గుర్తించి 1963లో ప్రకటించిరి. తెలుగునాట కూడ ఈ పై గాలుల పరిశీలన జరుగుచున్నది. హైదరాబాదు నుండి పరిశోధన బెలూన్లు స్ట్రాటో ఆవరణమునకు పోవును. తిరుపతి సమీపమున గాదంకిలో గాలుల నడకను కనిపెట్టు పెద్ద రాడారు కలదు. గాలి పైకెక్కు వాకిలి ఉష్ణమండలమే గనుక, మన నెత్తిమీది ఆకాశము లోకమునకంతకు ప్రవేశద్వారములలో ఒకటి.

ఇక 2020 నాటి వార్తకు వత్తును.

ధ్రువములపై శీతకాలపు చీకటిలో ఒక మహావాయువలయము పడమటి నుండి తూర్పునకు గిరగిర తిరుగుచుండును. దానిని ధ్రువ సుడిగాలి అందురు. అది కోటగోడ వంటిది. లోపలి గాలి బయటికి రాదు, బయటి గాలి లోపలికి పోదు. అలలు బలముగా తగిలినచో గోడ వణకును, ఒక్కొక్కప్పుడు కూలును. 2019–20 శీతకాలమున ఉత్తరమున అలలు మిక్కిలి మందగించినవి. గోడ గట్టిగా నిలిచినది. తత్ఫలితముగా రెండు నష్టములు కలిగినవి. దక్షిణము నుండి రావలసిన ఓజోను సరిగా రాలేదు. లోపల చలి సున్నకు దిగువ 78 డిగ్రీలు దాటి, మంచు మేఘములేర్పడి, వానిపై క్లోరిను మేల్కొని, ఉన్న ఓజోనును తినివేసినది. 2020 మార్చి 12న ఒకచోట 205 యూనిట్లు మాత్రమే ఉండెను. 220 కంటె తగ్గిన చోటును రంధ్రమనుట వాడుక. అది నిజముగా బిలము కాదు, పలుచనైన చోటు. ఏప్రిల్ చివర సుడిగాలి విచ్చిపోయినది. బయటి ఓజోను లోపలికి వచ్చినది. రంధ్రము పోయినది. బండ్లు నిలిచినను నడిచినను అది పోవలసినదే. ఓజోనును తిను వాయువులు యాబది నూరేండ్లు నిలుచునవి. నెలదినముల నిర్బంధము వానిని కదపజాలదు.

నాలుగేండ్లు గడచినవి. 2023–24 శీతకాలమున అలలు ఒకదానివెంట నొకటి బలముగా లేచినవి. 2024 మార్చిలో ఉత్తర ధ్రువ ప్రాంతపు సగటు 477 యూనిట్లు. 1979 నుండి గల ఉపగ్రహ లెక్కలలో మార్చి మాసమునకు అంతటి నిల్వ మునుపెన్నడును లేదు. ఈ నాలుగేండ్లలో పైనున్న క్లోరిను తగ్గినది బహు స్వల్పము. ఒకయేటి లోటును, మరియొకయేటి మిగులును ముఖ్యముగా గాలి చేసిన బదిలీలే.

దక్షిణ ధ్రువమున కూడ ఇట్లే. 2019 సెప్టెంబరులో అలలు సుడిగాలిని అదరగొట్టుటచే, 164 లక్షల చదరపు కిలోమీటర్ల వరకు పెరిగిన రంధ్రము త్వరలోనే 100 లక్షలకు లోపుగా కుంచించుకొనిపోయినది. మరుసటి యేట గోడ గట్టిగా నిలిచి, 248 లక్షలు దాక పోయి, డిసెంబరు చివర వరకు మూయకుండెను. 2002లో సుడిగాలి రెండుగా చీలగా, రంధ్రము కూడ రెండు ముక్కలైనది.

అట్లయినచో అంతయు గాలి చలవయే, మనుష్యుని దోషము లేదని ఎవరైన అనవచ్చును. అది నా మొదటి తప్పుకంటె పెద్ద తప్పు. బదిలీ వేరు, దొంగతనము వేరు. రిఫ్రిజిరేటర్లలోను, పిచికారీ డబ్బాలలోను వాడిన క్లోరోఫ్లోరోకార్బనులు ఓజోనునకు చేటు తెచ్చునని మొలినా, రోలండ్ అనువారు 1974లో హెచ్చరించిరి. దక్షిణ ధ్రువమున హాలీ అనుచోట ఏటేట అక్టోబరు లెక్క 300 నుండి 200 దాక పడిపోయినదని ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అనువారు 1985లో ప్రకటించిరి. ఆ వాయువులను విడిచినది ఎక్కువగా ఉత్తరార్ధగోళము, గుంట పడినది దక్షిణమున! ఇదియు గాలి మోతయే. ఎచ్చట విడిచినను ఒకటి రెండేండ్లలో అవి భూమి యంతట వ్యాపించును, ఉష్ణమండలపు వాకిలి గుండ పైకెక్కును, ఎండకు చీలి క్లోరినును విడుచును, ధ్రువములకు దిగును. దక్షిణపు గోడ గట్టిది, చలి హెచ్చు. కావున దెబ్బ అచ్చట తగిలినది.

1987లో మాంట్రియల్ ఒడంబడిక కుదిరినది. మనదేశము 1992లో చేరినది. 2010 నాటికి ఆ వాయువుల తయారీ దాదాపు నిలిచినది. అయినను 2018లో ఒక తేడా బయటపడెను. సీఎఫ్‌సీ–11 అను వాయువు 2012 తరువాత తగ్గవలసినంత త్వరగా తగ్గుటలేదు. ఇది గాలి నడక మారుటచే కలిగిన బదిలీయా, లేక ఎవరైన రహస్యముగా తయారు చేయుచున్నారా? శాస్త్రజ్ఞులు ముందు బదిలీ లెక్క కట్టిరి. గాలి కొంతవరకే కారణమనియు, మిగిలినది క్రొత్తగా విడిచినదనియు తేలినది. అందులో పెద్దభాగము తూర్పు చైనా నుండి వచ్చుచున్నదని 2019లో కనుగొనిరి. పిదప ఆ విడుదల తగ్గినది. బదిలీ లెక్క తెలియనివాడు దొంగను పట్టలేడు, దొర మీద నింద వేయకయు ఉండలేడు.

ఈ చివరి మాట నా యనుభవము. మన గ్రంథాలయము పెట్టిన తొలి సంవత్సరములలో పుస్తకముల తనిఖీకి నన్ను నియమించిరి. బీరువాలు లెక్కించి, 43 పుస్తకములు లేవని వ్రాసి సంతకము చేసితిని. ఆనాటి గ్రంథపాలకులు వృద్ధులు, జీతము పుచ్చుకొనక పనిచేసినవారు. వారేమియు అనలేదు గాని, ఆ దినమున ఇంటికి పోయి అన్నము ముట్టలేదట. నెల తరువాత తెలిసినది. ఆ పుస్తకములు ప్రక్క పల్లెలోని చదువరుల కొరకు మూట గట్టి పంపబడినవి. వాని బదిలీ మరియొక పుస్తకములో చక్కగా వ్రాసియున్నది. నేను దానిని తెరువలేదు. నా సంతకము కొట్టివేసితిని గాని, వారి మనస్సునకు తగిలిన దెబ్బను కొట్టివేయలేకపోతిని. వారు నేడు లేరు. 2020లో ఓజోను విషయమున నేను చేసినదియు ఆ తప్పే. నిల్వ చూచితిని, బదిలీ చూడలేదు.

కావున ఇకమీద పత్రికలలో ఓజోను రంధ్రము పెరిగినదని చదివిన వెంటనే లోకము మునిగినదని భయపడకుడు. తగ్గినదని చదివిన వెంటనే పండుగ చేసికొనకుడు. ఒకయేటి లెక్క గాలిది, అనేకయేండ్ల లెక్క మనుష్యునిది. ఒడంబడిక చెల్లినంతకాలము 1980 నాటి నిల్వ లోకములో ఎక్కువ భాగమున 2040 ప్రాంతమునను, ఉత్తర ధ్రువమున 2045 ప్రాంతమునను, దక్షిణ ధ్రువమున 2066 ప్రాంతమునను తిరిగి వచ్చునని ప్రపంచ వాతావరణ సంస్థ మొదలైనవి 2022 నాటి నివేదికలో అంచనా వేసినవి. ఆ చివరి లెక్క సరిచూచుటకు నేనుండను. నోటు పుస్తకము పట్టిన ఆ యువకుడుండును. అతడు పాత పంక్తిని కొట్టివేసి, నేటి మాటలను కూడ నేను చెప్పితినని నమ్మక, తాను చదివి సరిచూచి వ్రాసికొనవలెనని నా కోరిక.

అట్లు సరిచూచుకొనుటకు ఈ బీరువాలు తెరచియుండవలెను. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనుగాక.